5 సెకన్ల చుట్టాలు

ఫేస్‌బుక్‌కు పోటీగా 2011 జూన్‌లో గూగుల్ ‘గూగుల్ ప్లస్’ తెరిచింది.

కొద్ది రోజుల్లోనే అక్కడ అందరికన్నా ఎక్కువ మంది ఫాలోవర్లు పోగైంది ఎవరికనుకున్నారు? ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్‌కి! పందిరి వీళ్లది, పెళ్లికొడుకు అవతలివాడు.

బొట్టు పెట్టి పిలిచినా జనం రాకపోయేసరికి, యూట్యూబ్‌లో కామెంట్ రాయాలన్నా ప్లస్ ఖాతా ఉండాల్సిందేనని 2013లో హుకుం జారీ అయింది. రెక్కపట్టుకుని లాక్కొచ్చారన్నమాట.

ఫలితం? 2018లో గూగులే ఒప్పుకుంది: వచ్చిన రాకల్లో 90 శాతం 5 సెకన్లు కూడా నిలవలేదట. పొరపాటున నొక్కి, నాలుక్కరుచుకుని వెనక్కి పోవడానికి ఆ మాత్రం పడుతుంది మరి!

2019 ఏప్రిల్‌లో తలుపులు మూశారు.

భారత్, బ్రెజిల్ కుర్రకారు తమంతట తామే ఎగబడిన ఆర్కుట్ అనే సోషల్ నెట్‌వర్క్ కూడా గూగుల్‌దే. దాన్ని 2014లోనే మూసేసింది.