పాపమంతా తుపానుదే!

తుపాను తీరం దాటిందంటే మన యంత్రాంగానికి ప్రాణం లేచొస్తుంది. చేలో నీరెందుకు నిలిచిందని ఇక ఎవరూ అడగరు కదా! 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో నానాయి. వాన కురిపించింది తుపానే, కాదనం. కురిసిన నీరు రోజుల తరబడి చేలోంచి కదలకపోతే ఆ ఘనత ఎవరిది?

డెల్టా బల్లపరుపు నేల. చేలో నీరు చిన్న డ్రెయిన్లో పడి, పెద్ద డ్రెయిన్లో కలిసి, ఏటి మొగ గుండా సముద్రానికి పోవాలి. ఆ దారంతా గుర్రపుడెక్క దర్జాగా కాపురం చేస్తోంది. దానికి తోడు తూటికాడ. మొగ దగ్గర స్లూయిజ్ తలుపులు తుప్పుపట్టి పోయినచోట, పోటు వేళకి సముద్రమే ఎదురొస్తుంది. నమ్మకపోతే కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట తలలు వాలిపోయిన కొబ్బరి చెట్లను అడగండి.

పూడిక తీయరా అంటే, తీస్తారు. ఎండల్లో అంచనాలు, తొలకరికి మంజూరు, డ్రెయిన్ నిండాక పొక్లెయిన్. అది గట్టున పోసిన గుర్రపుడెక్క వానకి మళ్లీ నీళ్లలోకి జారుతుంది. బిల్లు మాత్రం జారదు.

ఈలోగా నగరంలో ఏసీ హాల్లో సదస్సు. 'వాతావరణాన్ని తట్టుకునే సేద్యం' అని బ్యానరు. పాపం, శాస్త్రవేత్తలు తమ వంతు చేశారు. స్వర్ణ సబ్-1 రకం లేత పైరుగా ఉన్నప్పుడు రెండు వారాలు మునిగినా బతుకుతుంది. డిసెంబరులో కంకి మీదున్న చేను మునిగితే ఆ గుణం చేసేదేముంది!

ఇక నీటి దారికి అడ్డుపడే చెరువుల సంగతి. పంట భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఎవరు విన్నారు? కొల్లేరు సరస్సునే చూడండి. దాంట్లో బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. సరస్సు కడుపులో లేచిన చేపల చెరువుల గట్లను 2006లో కొట్టేశారు. గట్లకు పునర్జన్మ ఉందని ఆ తర్వాత తెలిసింది.

అన్నీ అయ్యాక నష్టం లెక్కలు. 33 శాతం పంట పోతేనే సర్కారు సాయం. అంటే 32 శాతం పోయిన చేను వాతావరణాన్ని తట్టుకున్నట్టే! పెట్టుబడి పెట్టింది కౌలు రైతు, కాగితంలో పేరు ఆసామిది. సాయం దారి తప్పకుండా కాగితం వెంటే పోతుంది.

2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం అన్నారు. 2022లో మళ్లీ అదే మాట. రెండుసార్లూ అడిగినవాటిలో డ్రెయిన్ల బాగు ఉంది.

అయ్యా, కాల్వలు కట్టేసిన వేసవిలోనే పూడిక తీయించండి. సార్వాకు నీళ్లు వదిలాక చేసిన పనికి బిల్లు ఇవ్వకండి.