పసుపు తాగిన అంబాసిడర్

కృష్ణానది మధ్యలో నిలబడి గుక్కెడు నీళ్ల కోసం చెయ్యి చాచిన మనిషిని మీరు చూసి ఉండరు. మే నెల మిట్టమధ్యాహ్నం, ప్రకాశం బ్యారేజీ మీద నేను చాచాను. బ్యారేజీకి 70 గేట్లు. ఏ గేటు దగ్గరో లెక్కపెట్టే ఓపిక లేదు గానీ, ముందుకెళ్లినా వెనక్కొచ్చినా ఒకే దూరం అనిపించే చోట మా అంబాసిడర్ బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్ముతూ ఆగింది. కుడిపక్క కంటికి ఆనినంత మేర నీళ్లు. తోడుకుందామంటే చేద లేదు, చాంతాడు లేదు. వెనక సీట్లో మా ఆవిడ, ఆవిడ ఒళ్లో ఆవకాయకని కొన్న మామిడికాయల సంచి. వెనకాల హారన్ల కచేరీ.

మోటారు సైకిలు మీద పోతున్న కుర్రాడొకడు ఆగి తన నీళ్ల సీసా ఇచ్చాడు. ఇస్తూ, "ఏ మోడలు అంకుల్?" అన్నాడు. ఈ బండి ఆగిన ప్రతిచోటా నీళ్లూ, ఈ ప్రశ్నా జంటగా వస్తాయి.

బ్యారేజీ 1957లో పూర్తయింది. అంబాసిడర్ తయారీ కూడా ఆ ఏడే మొదలైంది, కలకత్తా పక్కన ఉత్తరపారాలో, ఇంగ్లండువాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చుతో. అంటే రెండూ ఒక ఈడువే. ఒకటి నీళ్లు ఆపుతుంది, రెండోది ఆపలేదు.

మాది 1972 మోడలు, మార్క్ 2. నాన్నగారు కొన్నారు. ఆయన పోయాక నాకు సంక్రమించిన ఆస్తిలో మిగతావన్నీ పెరిగాయి, ఇదొక్కటే కారింది.

ఆటోనగర్‌లో మా నాన్నగారి నాటి మేస్త్రి ఇంకా ఉన్నాడు. డెబ్భై దాటినా కళ్లజోడు లేదు, చెవులే ఆయన పనిముట్లు. ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీయించి, బండి స్టార్ట్ చెయ్యమన్నాడు. లోపల నీళ్లలో బుడగలు, సోడాలో లేచినట్టు. ఆయిల్ పోసే మూత తిప్పి అడుగు చూపించాడు. కాఫీ రంగు మీగడ.

"సిలిండర్‌లో గాలి నీళ్లలోకి వస్తోంది, నీళ్లు ఆయిల్లోకి పోతున్నాయి. గాస్కెట్టు పోయింది. హెడ్డు దించాలి బాబూ."

ఖర్చు ఎంతవుతుందో చెప్పాడు. ముందు నేను దించాను.

దించడం మాటలు కాదు. యాభై ఏళ్లుగా పోత ఇనుప హెడ్డూ, పోత ఇనుప బ్లాకూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నట్లన్నీ ఊడదీసినా హెడ్డు కదల్లేదు. మధ్యలో గునపం దూర్చి లేపుదామని నేను ఉత్సాహపడితే మేస్త్రి ఒక్క చూపు చూశాడు. ప్లగ్గులు మళ్లీ బిగించి, "హ్యాండిల్ వేసి తిప్పరా" అన్నాడు కుర్రాడితో. పిస్టన్లు పైకి లేస్తుంటే నొక్కుకున్న గాలే హెడ్డును కిందనుంచి తన్నింది. టప్పుమని వదిలేసింది. ఊడగొట్టడానికి ఇంజన్ చేతే పని చేయించడం చూసి, మా ఆఫీసులో కొందరు అధికారులు గుర్తొచ్చారు.

లోపల కనిపించింది ఇంజన్ కాదు, పురావస్తు తవ్వకం. పై పొరలో ఎర్రటి తుప్పు. దాని కింద తెల్లటి గార, గీజరు కాయిల్‌కి పట్టేదే. మా వీధి బోరు నీళ్ల వరప్రసాదం. సున్నపు పొర వేడిని దాటనివ్వదు కాబట్టి అవతల నీళ్లు ఎన్నున్నా ఇవతల ఇనుము కాలుతూనే ఉంటుంది. వెనక చివర, నాలుగో సిలిండర్ చుట్టూ, మరీ ఘోరం. పంపు ముందుంటుంది, బురదంతా పోయి వెనక సర్దుకుంటుంది. బ్లాకు పక్కనున్న గుండ్రటి రేకు బిళ్లలు ఊడగొట్టి, సైకిలు చువ్వతో కెలికితే బొచ్చెడు ఒండ్రు వచ్చింది. డెల్టా రైతుకు చూపిస్తే ముందే దుక్కి దున్నేవాడు.

రేడియేటర్ విప్పితే మాత్రం వేరే రంగు. పసుపు పచ్చ.

మేస్త్రి వేలితో తీసి వాసన చూశాడు. "పసుపే" అన్నాడు. వెనకటికి ఎవరో డ్రైవరు, దారిలో రేడియేటర్ కారుతుంటే, కిరాణాకొట్లో పసుపు పొట్లం కొని అందులో పోశాడన్నమాట. చిట్కా మంచిదే. పొడి ఉబ్బి చిల్లును పూడుస్తుంది. అయితే ఏది చిల్లో, ఏది గొట్టమో పసుపుకు తెలియదు కదా. కోర్‌లో మూడోవంతు గొట్టాలు పూడిపోయాయి. అప్పటినుంచీ బండి ముత్తయిదువలా పసుపు మోస్తూ తిరుగుతోంది.

థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. దీనికి బాధ్యుడు నాకు తెలుసు, నేనే. ఇరవై ఏళ్ల కిందట ఒక రోడ్డుపక్క షెడ్డులో "ఇది చలిదేశాల వాళ్లకి సార్, మనకి దండగ" అంటే బుర్ర ఊపాను. ఎండదేశంలో నీళ్లకు అడ్డెందుకు అన్న తర్కం వినడానికి ఎంతో బాగుంటుంది. నిజానికి ఆ బిళ్ల చేసే పని ఇంజన్‌ను త్వరగా వేడెక్కించి, ఆ వేడి దగ్గర నిలబెట్టడం. లోపలి మైనం 82 డిగ్రీలకు కరిగి, ఉబ్బి, తలుపు తీస్తుంది. అది లేకపోతే హైవే మీద ఇంజన్ వణుకుతూ పెట్రోలు తాగుతుంది, ట్రాఫిక్‌లో ఎలాగూ ఉడుకుతుంది. రెండు విధాలా నష్టపోయే ఏర్పాటును నేను డబ్బిచ్చి మరీ చేయించుకున్నాను.

కొత్తవి రెండు కొని, ఇంట్లో గిన్నెడు నీళ్లలో వేసి, పొయ్యి మీద పెట్టి పరీక్షించాను. ఒకటి 82 దగ్గర బుద్ధిగా నోరు తెరిచింది. రెండోది నీళ్లు తెర్లుతున్నా తెరవలేదు. మా ఆవిడ వచ్చి గిన్నెలోకి చూసి, "పప్పుకి పెట్టుకున్న పొయ్యండీ అది" అంది. ఆ రోజు పప్పు లేదు.

ఇక్కడితో ఆగి, ఉన్నది ఉన్నట్టు బిగించుకుంటే నేను పెద్దమనిషిని అనిపించుకునేవాణ్ణి. హెడ్డు బల్ల మీద కనపడేసరికి దాన్ని బాగుచేయడం చాలదనిపించింది, మెరుగుపరచాలనిపించింది. నాలుగు పుస్తకాలు తెచ్చి చదివాను. ఈ 1489 సీసీ ఇంజన్ ఇంగ్లండులోని బీఎంసీ కార్ల కంపెనీవాళ్ల బి సిరీస్‌ది. దాని హెడ్డులో మంట మండే గదిని హ్యారీ వెస్లేక్ అనే ఆంగ్లేయ ఇంజనీరు హృదయాకారంలో తీర్చాడు. రెండు వాల్వుల మధ్యకు ఒక ముక్కు చొచ్చుకొస్తుంది. ఈ సంగతి మేస్త్రికి భక్తిగా చెప్పాను.

"గుండె తీసుకెళ్లి తలలో పెట్టాడా?" అన్నాడాయన. "మరి వేడెక్కదూ!"

వేడి ఎక్కడో పుస్తకం చూడకుండానే చూపించాడు. ఈ హెడ్డులో ఎగ్జాస్టు దారులు నాలుగు కాదు, మూడే. ఒకటో సిలిండర్‌కు ఒకటి, నాలుగోదానికి ఒకటి, మధ్యలో రెండూ మూడూ కలిసి ఒకటి. ఉమ్మడి కుటుంబంలో పెరటి గుమ్మంలాంటిది. పొగంతా అక్కడే, కాబట్టి ఇనుము కాలేదీ, హెడ్డు వంగేదీ అక్కడే. స్కేలు పట్టీ ఆన్చి కింద ఫీలర్ గేజ్ దూరిస్తే మధ్యలో ఆరు థౌ వంపు. లేత్ షాపులో ఎనిమిది థౌ గీయించాం. అంగుళంలో వెయ్యోవంతు ఒక థౌ. ఎక్కువ గీస్తే కంప్రెషన్ పెరిగి బండి ఉరుకుతుందని నేను ఆశపడ్డాను. "పిల్ల పొట్టిగా ఉందని కాళ్లు కొడతామా" అన్నాడు. ఈ సామెత ఎక్కడిదో, దీనికెలా అతికిందో నాకిప్పటికీ బోధపడలేదు గానీ, ఎనిమిది దగ్గర ఆగిపోయాం.

ఆ పైన నాలుగు సాయంత్రాలు నేను పోర్టులు నునుపు చేశాను. చేతి డ్రిల్లు, ఎమరీ కాయితం, కళ్లలో ఇనపరజను. ఇన్‌లెట్ పోర్టులో మొహం కనపడేట్టు తోమాను. మేస్త్రి వచ్చి వేలు పెట్టి చూసి, మానిఫోల్డును దానికి ఆన్చి చూపించాడు. రెండు రంధ్రాలకీ మధ్య చిన్న బియ్యపుగింజంత మెట్టు. నా అద్దం మీదికి వచ్చేలోపే గాలి ఆ మెట్టుకు తట్టుకుంటుంది. పావుగంటలో ఆ మెట్టు గీసేసి, నా నాలుగు సాయంత్రాలకంటే ఎక్కువ లాభం తెచ్చిపెట్టాడు. ఇంకా అన్యాయం ఏమిటంటే, ఇన్‌లెట్‌కు అంత నునుపు అక్కరే లేదట.

వాల్వులు మొత్తం ఎనిమిది. ఏ వాల్వు స్ప్రింగు, ఏ క్యాపు ఆ వాల్వుకే పోవాలి, కలిసిపోకూడదు. ఎనిమిది గుంతలున్న పాత్ర కోసం వెతికితే, నాలుగేసి గుంతల ఇడ్లీ రేకులు రెండు కంటపడ్డాయి. దేవుడు అంబాసిడర్‌నీ ఇడ్లీనీ ఒకే కొలతతో సృష్టించాడనిపించింది. మా ఆవిడకు అలా అనిపించలేదు. కిరసనాయిలు వాసన ఎన్ని కడుగుళ్లకు పోతుందో మా ఇంట్లో ఇప్పుడు ఎవర్నడిగినా చెబుతారు.

దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నియమం 2000 ఫిబ్రవరిలో వచ్చింది. మనుషుల ఆరోగ్యానికి మంచిదే. పాపం ఈ పాత ఇనుప హెడ్డులో వాల్వు కూర్చునే సీటు వేరే లోహం కాదు, హెడ్డులోనే కోసింది. పెట్రోల్లోని సీసం దానికి మెత్తటి పరుపులా ఉండేది. ఆ పరుపు పోయాక ఎగ్జాస్టు వాల్వులు కొట్టుకుని కొట్టుకుని సీట్లను తినేశాయి. అందుకని ఎగ్జాస్టువి నాలుగూ గట్టి ఉక్కు రింగులు వేయించాం. రింగు చల్లబడితే అణువంత కుదించుకుంటుంది, అప్పుడు వేడిచేసిన హెడ్డులో దిగ్గొడితే మళ్లీ కదలదు. కాబట్టి ఆ రింగులు ఒక రాత్రంతా మా ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పడుకుని, తెల్లారి ఐసు నింపిన ఫ్లాస్కులో ఆటోనగర్ వెళ్లాయి. "టీ తెచ్చావా బాబూ?" అని ఆశగా మూత తీసిన మేస్త్రి మొహం మర్చిపోలేను.

ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టాలన్నది నా చివరి మోజు. ఇంజన్ తిప్పే ఫ్యాను ట్రాఫిక్‌లో నెమ్మదిస్తుంది. గాలి కావాల్సింది సరిగ్గా అప్పుడే. కరెంటు ఫ్యానైతే ఆ బాధ లేదు. "కరెంటెక్కడిది?" అన్నాడు మేస్త్రి. నిజమే, ఈ డైనమో ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. అయితే ఆల్టర్నేటర్ పెట్టాలి. పెడితే వైరింగ్ మార్చాలి. మారిస్తే... ముంగిట్లో అరుగు వేయిద్దామని మొదలుపెట్టి ఇల్లు పడగొట్టినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. మేస్త్రి పదిహేను కిలోల ఖాళీ నూనె డబ్బా కత్తిరించి, ఫ్యాను చుట్టూ రేకు తొడుగు చేశాడు. దాంతో ఫ్యాను లాగే గాలి పక్కలకు తప్పించుకోకుండా కోర్‌లోంచే రావాలి. మొత్తం మీద అన్నిటికన్నా చవకైన పని అది, అన్నిటికన్నా పనికొచ్చిందీ అదే. వేరుశనగ బొమ్మ ఇప్పటికీ లోపలివైపు కనపడుతుంది.

గార నిమ్మ ఉప్పుతో కడిగాం. రేడియేటర్‌కు కొత్త కోర్ వేయించాం. మూత కూడా కొత్తది, 7 పౌన్లది. ఇంత చిన్న మూత నీళ్లను వత్తిడిలో ఉంచి, 100 డిగ్రీలకు మరగాల్సినవాటిని సుమారు 111 దాకా ఓపిక పట్టిస్తుంది. అలాంటి మూత మా ఇంట్లో ఇంకొకరికి కూడా అవసరమని నేననుకున్నాను, పైకి అనలేదు.

హెడ్డు బిగింపు నడిమి నుంచి చివరలకు, మూడు విడతలుగా సాగింది. మేస్త్రికి ఉత్త పానా చాలు. నేను టార్క్ రెంచి కావాల్సిందేనని పట్టుబట్టాను. సరే, ఒక్క నట్టు నా చేత బిగించనిచ్చి మిగతావి తను చేత్తో బిగించాడు. తర్వాత రెంచి పెట్టి చూస్తే అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. ఏదో చెప్పనక్కర్లేదు. ఆయన కూడా చెప్పలేదు, పెద్దమనిషి.

చివరగా కూలంటూ, అందులో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ డబ్బాలూ తెచ్చాను. మా ఆవిడ లెక్కపెట్టింది. "మనకి ఆర్వో మిషను కొనమంటే ఏడాది ఆలోచించారు. దానికి మాత్రం ఆవిరి పట్టిన నీళ్లా?" అంది. బోరు నీళ్ల గార గురించి నేను శాస్త్రం చెప్పబోయాను. "ఆ గార మన కిడ్నీల్లో పట్టదా?" అంది. మర్నాడు ఆర్వో మిషను వచ్చింది. హెడ్డు ఖర్చులో దాన్ని కూడా కలపాలి.

మళ్లీ మే నెలలోనే, మళ్లీ మిట్టమధ్యాహ్నమే, బ్యారేజీ ఎక్కాం. వేడి చూపించే ముల్లు సగం దగ్గర నిలబడింది. పాత చోటు దాటినా కదల్లేదు. వెనక హారన్లు లేవు, ఆవిరి లేదు, ఎవరూ మా వంక చూడనైనా చూడలేదు. ఆ చల్లదనం నాకే నమ్మబుద్ధి కాలేదు. అవతలి ఒడ్డున సీతానగరం వైపు దిగాక, ఒక్కసారి చూద్దామని చెట్టునీడన ఆపి బానెట్ ఎత్తాను. కొత్త గొట్టాలు మెరుస్తున్నాయి. నూనె డబ్బా రేకు మీద వేరుశనగ బొమ్మ నవ్వుతోంది.

పక్కనే మోటారు సైకిలు ఆగింది.

"వేడెక్కిందా అంకుల్?" అంటూ కుర్రాడు నీళ్ల సీసా చాచాడు. "ఏ మోడలు?"

"72" అన్నాను. సీసా అందుకుని గటగటా తాగేశాను.