డీలక్స్ రివర్బ్ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: 7025, 7025, 12ఏటీ7, 7025, 12ఏఎక్స్7, 12ఏటీ7.

అవతారిక. ఫెండర్ కంపెనీ 1963లో తెచ్చిన డీలక్స్ రివర్బ్ అనే గిటారు ఆంప్లిఫయరు పెట్టె లోపల అంటించిన చీటీయే ఈ మూలం. చీటీలో తొమ్మిది వాల్వులు ఉన్నా, పవర్ వాల్వులకు ముందుండేవి మొదటి ఆరే గనక ఈ టీకా వాటికే పరిమితం. క్రియాపదం లేదు, విభక్తి లేదు, కర్త ఎవరో తెలియదు. సూత్రకారుడికి ఉండవలసిన పొదుపంతా ఉంది. అయినా దీన్ని సరుకుల పట్టీలా చదివే సంప్రదాయం ఒకటి ప్రబలింది. లోకంలోకెల్లా మంచి వాల్వు ఏదో తేల్చుకుని మొదటి సాకెట్‌లో పెడితే ఆంప్ తరిస్తుందని వారి నమ్మకం. వాల్వు ఘనత గాజు మీద అచ్చేసిన పేరులో కన్నా అది కూర్చున్న సాకెట్ పనిలో ఎక్కువ ఉందని ఈ టీకాకారుడి పక్షం.

ప్రతిపదార్థం. 12ఏఎక్స్7 అనగా ఒకే గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్‌లున్న తొమ్మిది కాళ్ల వాల్వు. ఐరోపా శాఖవారు దీన్నే ఈసీసీ83 అని పఠిస్తారు. దీని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100. సిగ్నలు వంద రెట్లవుతుందని కాదు సుమా. లక్ష ఓముల ప్లేటు రెసిస్టరు పెట్టి, వాల్వు లోపలి అడ్డు 62,500 ఓములు లెక్కలోకి తీసుకుంటే దక్కేది 60 రెట్లు, పైన చిల్లర. 7025 అనగా ఆ వాల్వే, హమ్మూ బుసా తక్కువ ఉండేలా చేసినది. 12ఏటీ7 అనగా ఫ్యాక్టర్ 60 దగ్గరే ఆగినా కరెంటు ధారాళంగా ఇచ్చేది. మూడింటికీ కాళ్ల అమరిక ఒకటే కావడంతో ఏది ఎక్కడైనా దూరుతుంది. వివాదాలన్నీ ఆ సౌకర్యంలోంచే పుట్టాయి. ఇక్కడొక శంక: 7025, 12ఏఎక్స్7 ఒకే జాతి అయితే రెండు పేర్లెందుకు? సూత్రంలో వ్యర్థపదం ఉండదని వ్యాకరణం చదివినవారికి చెప్పనక్కర్లేదు. ఆ జాతి వాల్వు నాలుగు చోట్ల ఉంది. మూడు చోట్ల నిశ్శబ్దమైన రకమే కావాలన్నాడు, అయిదో చోట అక్కర్లేదన్నాడు. ఈ భేదానికి కారణం చెప్పగలిగితేనే మూలం చదివినట్టు.

తాత్పర్యం. గిటారు నుంచి వచ్చే సిగ్నలు వోల్టులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. అది మొదట చేరే ట్రయోడ్‌లో పుట్టిన బుస, ఆ సిగ్నలు వెంటే తర్వాతి దశలన్నిటిలోనూ పెరుగుతుంది. చివరి దశలో పుట్టిన బుసకు ఆ యోగం లేదు. అప్పటికి సిగ్నలు వోల్టులకు వోల్టులై దాన్ని కప్పేస్తుంది. రేడియో రిసీవర్ల విషయంలో 1944లో హెరాల్డ్ ఫ్రీస్ లెక్కగట్టి చూపిన న్యాయం ఇదే. పైగా ఈ ఆంప్‌లో స్పీకరు కూడా అదే పెట్టెలో ఉంటుంది; లోపలి భాగాలు బిగువు తప్పిన వాల్వు ఆ అదురుకి గణగణమంటుంది, మొదట్లో ఉంటే ఆ గణగణ కూడా గిటారుతో సమానంగా పెరుగుతుంది. కనుక మొదటి రెండు చోట్లా 7025. మూడో చోట అపవాదం. రివర్బ్ ట్యాంకులోని స్ప్రింగులను ట్రాన్స్‌ఫార్మరు ద్వారా కదిలించాలి గనక రెండు ట్రయోడ్‌లనూ కలిపి కట్టి కరెంటు లాగుతారు; అందుకు 12ఏటీ7. నాలుగో చోట 7025 మళ్లీ ప్రత్యక్షమైంది. నడుమ పదాన్ని దాటి అనువృత్తి ఇలా ముందుకు దూకడాన్ని వైయాకరణులు మండూకప్లుతి అంటారు. స్ప్రింగుల గుండా వచ్చేసరికి సిగ్నలు మళ్లీ మిల్లీవోల్టులకు సన్నగిల్లుతుంది. దాన్ని అందుకునే ట్రయోడ్ ఈ నాలుగో వాల్వులోనే ఉంది. వరసలో నాలుగోదైనా పనిలో అది ఇంకొక మొదటిది. చీటీ మొత్తంలో టీకాకారుడు చేతులెత్తి మొక్కేది ఈ నాలుగంకెలకే. అయిదోది ట్రెమొలోది: సెకనుకు కొన్నిసార్లు ఊగే అలను పుట్టించి ఒక చిన్న నియాన్ దీపాన్ని వెలిగించి ఆర్పడమే దాని పని. గిటారు సిగ్నలు దాని గుండా పోదు, దాని బుసతో ఎవరికీ పేచీ లేదు. మామూలు 12ఏఎక్స్7 చాలు. ఆరోది సిగ్నలును ఎదురెదురు జంటగా చీల్చి పవర్ వాల్వులకు అందించే ఫేజ్ ఇన్వర్టర్.

పూర్వపక్షం. బ్లాక్‌బర్న్‌లో చేసిన ముల్లార్డ్, జర్మనీ టెలిఫంకెన్ వంటి పాత వాల్వుల నాదం వేరనీ, దాన్ని లెక్కలతో కొట్టిపారేయరాదనీ కొందరంటారు. తేడాలు లేవని ఎవరన్నారు? కాని ఒకే కంపెనీ నుంచి వచ్చిన రెండు వాల్వులకే గెయిన్ అచ్చంగా కలవదు. గెయిన్ కాస్త ఎక్కువైనది కాస్త గట్టిగా మోగుతుంది, గట్టిగా మోగినదే మంచిదని చెవి తీర్పిస్తుంది. వాల్యూమ్ సమం చేయకుండా విన్నది ప్రత్యక్షమే గాని ప్రమాణం కాదు. ఇంకొక విచిత్రం చూడండి. ఈ ఆంప్‌లో మొదటి సాకెట్ నార్మల్ చానల్‌ది. రివర్బ్ ఉన్న రెండో చానల్‌లో గిటారు గుచ్చినవాడి సిగ్నలు ఆ దారినే పోదు. అతడి మొదటి వాల్వు రెండో సాకెట్‌లో ఉంది. వేలు పోసి కొన్న వాల్వును ఒకటో సాకెట్‌లో ప్రతిష్ఠించి, రెండో చానల్‌లో వాయిస్తూ దాని మాధుర్యాన్ని వర్ణించేవారి రసానుభూతిని టీకాకారుడు శంకించడు. కారణం మాత్రం ఆ వాల్వు కాదు.

సరే, పనే ప్రధానమైతే చీటీలో లేని వాల్వు పెట్టడం శాస్త్రద్రోహమా అని రెండో ఆక్షేపం. కాదు. ఫెండర్ వారే తమ బాస్‌మన్ 5ఎఫ్6-ఏలో మొదటి చోట ఫ్యాక్టర్ 44 దరిదాపుల్లో ఉండే 12ఏవై7 పెట్టారు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం దాదాపు అదే సర్క్యూట్‌తో జేటీఎం45 చేసి, అక్కడ ఈసీసీ83 పెట్టింది. ఆ రెండు ఆంప్‌ల స్వభావాల్లో తేడాకు అదొక్కటే కారణం కాదు గాని, తర్వాతి దశలు తొందరగా పొంగిపొర్లడంలో దాని వాటా పెద్దదే. డీలక్స్ రివర్బ్‌లో ఫ్యాక్టర్ 20 మించని 12ఏయూ7 కథ వినండి. మూడో చోట పెడితే మితిమీరిన రివర్బ్ అదుపులోకి వస్తుంది, వాయించేవాడు సంతోషిస్తాడు. అదే వాల్వు అయిదో చోట పెడితే ట్రెమొలో మూగబోతుంది. మూడు సమాన మెట్ల ఆసిలేటరు ఊగడానికి కనీసం 29 రెట్ల గెయిన్ కావాలి, అది 12ఏయూ7 వల్ల అయ్యే పని కాదు. ఒక చోట మందైనది ఇంకొక చోట విషమైతే, గుణం వాల్వుదని ఎలా అనగలం?

ప్రయోగం. పెట్టెను వెనకనుంచి చూస్తే మొదటి సాకెట్ కుడి చివర ఉంటుంది. ఆంప్ ఆపి, వాల్వులు చల్లారాక, చేతిలో ఉన్న 12ఏఎక్స్7 జాతి నాలుగింటినీ ఒక్కొక్కటిగా రెండో సాకెట్‌లో పెట్టి, మళ్లీ ఆన్ చేసి, రెండో చానల్ వాల్యూమ్ పెంచి, పెన్సిలు చెక్కతో మెల్లగా తట్టి వినాలి. ఏది ఎక్కువగా మోగితే అది, ఎంత గొప్ప పేరున్నదైనా సరే, అయిదో సాకెట్‌కి పోవాలి. బుస తక్కువున్నవి రెండుకీ నాలుగుకీ చెందుతాయి, మిగిలింది ఒకటికి. ఈ ఆరింటిలో ఏది మార్చినా బయాస్ సరిచేయనక్కర్లేదు. చీటీలో ఏడో పదం నుంచి 6వీ6ల జంట వస్తుంది, అక్కడ బయాస్ అధికారం మొదలవుతుంది. ఈ టీకా ఆరో పదంతో ఆగుతుంది.