మొదటి పేజీ

బాన్సువాడ చుట్టుపక్కల నాలుగు క్రైస్తవ సంఘాల పెద్దలు కలిసి ఒక ట్రస్టు పెట్టాలనుకున్నారు. పేద రోగుల మందులకు, ఆపరేషన్లకు సాయం చేయడం దాని పని. ఎవరి కానుకల పెట్టె వాళ్లదే అయిన చోట నలుగురూ ఒక్క బ్యాంకు ఖాతాకు ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యత మాటలు దక్షిణ ఇండియా సంఘంగా కొలిక్కి రావడానికి 1947 దాకా పట్టింది మరి.

ట్రస్టు కాగితాలు తయారయ్యాయి. దస్తావేజులు రాసే పెద్దాయన అందరి ముందూ చదవడం మొదలుపెట్టాడు.

మొదటి పేజీ నిండా డిచ్‌పల్లి. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిలబెట్టిన కుష్ఠు ఆస్పత్రి అది. 1915లో తెరిచారు. కన్నవాళ్లే గడప దాటించిన మనుషులను చేరదీసి, పుండ్లు కడిగి కట్టు కట్టి, చౌల్‌మూగ్ర నూనె సూదులు వేసిన చోటు. నిజామాబాద్ ప్రాంతంలో సేవ అంటే చెప్పుకోవాల్సిన పేరు అదే. 'ఆ స్ఫూర్తితోనే ఈ ట్రస్టు' అని చదవగానే అందరూ ఆమెన్ అన్నారు.

రెండో పేజీలో సభ్యుల పేర్లు. మూడో పేజీలో నియమాలు. చందా ఇచ్చేవాళ్లు ఈ నాలుగు సంఘాల్లో ఏదో ఒక దాని సభ్యులై ఉండాలి. సాయం కోరేవాళ్లు పాస్టరు గారి ఉత్తరం తేవాలి.

పెద్దాయన అక్కడ ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అయ్యగారూ, మొదటి పేజీకి, మూడో పేజీకి లంకె కుదుర్తలేదు."

"ఏమైంది?"

"డిచ్‌పల్లి దవాఖాన కట్టనీకి పెద్ద చందా ఇచ్చింది రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. గిట్ల రాస్తే ఆయన పైసలు మన ట్రస్టు తీసుకోదు. అక్కడ సూదులు వేయించుకున్నోళ్లల్ల ఉత్తరం తెచ్చేటోళ్లు ఎంతమంది ఉంటరు? నాకు తోచింది చెప్పిన. రెండిట్ల ఒకటి మార్చాలె. ఏది మార్చమంటరు?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పెద్దలు లేచి పక్క గదిలోకి వెళ్లారు. తలుపు వేసుకుని పావుగంట చర్చించారు. తిరిగొచ్చి కూర్చున్నాక, అందరి తరఫునా ఒకాయన చెప్పాడు:

"మొదటి పేజీ తీసెయ్యండి."