ఈస్టుకు సంబంధాలు చూసే బావమరిది

మా బావమరిది బీరు పెద్దగా తాగడు, కాస్తాడు. కాయడం కూడా తక్కువే. ఏ ఈస్టు వెయ్యాలా అన్న ఆలోచనతోనే అతడికి మత్తెక్కిపోతుంది.

పుట్టింది భద్రాచలం, ఉండేది డాలస్. అమెరికాలో ఎవరింట్లో వాళ్లు బీరు కాచుకోవచ్చన్న చట్టం మీద 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాడు. పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు. మావాడి గ్యారేజీలో 19 లీటర్ల బకెట్టు ఒక్కటి నిండితే ఆ ఏడు సుభిక్షం కింద లెక్క.

ఇప్పుడు పట్టుకున్న పిచ్చి, హాప్స్ పూలు దట్టించిన లాగర్ బీరు. అది 12 డిగ్రీల చలిలో నిదానంగా పులియాలి. హాప్స్ వాసన గుప్పుమనాలి, ఈస్టు నోరెత్తకూడదు. అందుకని పెళ్లికొడుకుల్ని వెతికినట్టు వెతుకుతాడు.

"34/70 జర్మనీ కుర్రాడు బావా, వైహెన్‌స్టెఫాన్ వంశం. నెమ్మదస్తుడు. కాస్త వెచ్చబడ్డా తట్టుకుంటాడు. ఎస్-23కి పళ్ల వాసన, హాప్స్ మాట్లాడుతుంటే మధ్యలో దూరతాడు. ఎస్-189ది స్విట్జర్లాండు. మంచివాడే, కానీ..."

ఆ 'కానీ' దగ్గరికొచ్చేసరికి మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అర్ధరాత్రి దాటుతుంది. వైయీస్ట్ 2124 సంగతి మళ్లీ వేరు. అదీ 34/70 ఇంటిదేనంటారు కదయ్యా అంటే, "ఇల్లు ఒకటే బావా, పెంపకం వేరు" అంటాడు. సంబంధం కుదిరాకైనా శాంతి ఉందా? వెన్న వాసన పోవాలని చివర్లో బకెట్టును రెండుమూడు రోజులు వెచ్చగా ఉంచి కాపలా కాస్తాడు. వెన్న వాసనొస్తే ఏం పోయిందిరా అని మా అత్తగారు అడిగితే మూడ్రోజులు ఫోను చెయ్యలేదు.

క్రిస్మస్ సెలవులు ముక్కోటితో కలిసొచ్చిన ఏడు ఊరికొచ్చాడు. తెప్పోత్సవం చూశాక, జీలుగు కల్లు తాగిద్దామని చర్ల దారిన తీసుకెళ్లాను. కల్లు దించిన కోయ పెద్దాయన మోదుగాకు దొప్పలో పొయ్యబోతే మావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇందులో ఈస్టు ఏది పెద్దయ్యా?"

"అదేంది బాబూ?"

"అదే, పులియబెట్టేది."

"కుండలనే ఉంటది. అందుకే అడుగు రుద్ది కడగం. కడిగితే ఆ పూట తియ్యనీళ్లే."

మావాడి మొహం వెలిగిపోయింది. గ్యారేజీలో అడుగున తేరిన మడ్డిని అతడూ సీసాలో దాచి మళ్లీ వాడతాడు. ఇక ఆగాడా! ఈ కుండలోది శాకరోమైసిస్ సెరివిసియే అన్నాడు. లాగర్ ఈస్టుకు అది ఒకవైపు చుట్టమన్నాడు. రెండోవైపు చుట్టం యూబయానస్ అట, దాన్ని 2011లో పటగోనియా అడవుల్లో, బీచ్ చెట్ల బుడిపెల మీద కనిపెట్టారట. పెద్దాయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"అడవి చెట్టుదే అయితే మరి పొట్లంల కొనుడేంది?"

ఆ ఒక్క మాటతో వదిలేసినా బాగుండేది. పెద్దాయనా తక్కువ తిన్నవాడు కాదు. ఈ చెట్టుది వగరట, వాగు పక్కదానిది పలచనట. పొద్దుటి కల్లు వేరు, మాపటిది వేరు. గెల కోత పాతబడితే రుచి తిరుగుతుందట. ఇద్దరూ మెడలు పైకెత్తుకుని చెట్టు చెట్టుకూ తిరుగుతుంటే, ఖాళీ దొప్ప పట్టుకుని వెనకాల నేను. చివరికి కుండ మడ్డిని సీసాలో డాలస్ పట్టుకుపోతానన్నాడు మావాడు.

"గోదారి వంతెన దాటకముందే మూత ఎగిరిపోతది" అన్నాడు పెద్దాయన.

సీసా వెళ్లలేదు గానీ ఆలోచన వెళ్లింది. విమానం దిగీదిగగానే ఫోను: "బావా, జీలుగు కుండ ఈస్టును 34/70 పక్కన నిలబెడితే..." జాబితాలోకి ఇంకో పెళ్లికొడుకు చేరాడు, బకెట్టు మాత్రం బోర్లించే ఉంది. మందలిద్దామని నోరు తెరిచాను. బయటికొచ్చిన మాట వేరు:

"వాగు పక్క చెట్టుదా, ఇవతలి చెట్టుదా?"