నా పుట్టిల్లు ఎక్కడ? - ఒక ఇంజనాయిల్ ఆత్మకథ

నేను మోటార్‌సైకిల్ ఇంజనాయిల్‌ని. 20డబ్ల్యూ-40 రకం, లీటరు డబ్బా. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఏ స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లినా అరల నిండా మేమే కనిపిస్తాం. "మన దేశంలో తయారైన ఆయిలే ఇవ్వండి" అని అడిగేవాళ్లకు దుకాణదారు డబ్బా తిప్పి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న చిరునామా చూపిస్తాడు. ఫ్యాక్టరీ ఈ దేశంలోనే ఉంది కనుక కొనేవారి సందేహం అక్కడితో తీరిపోతుంది. నాకు మాత్రం తీరదు. ఆ చిరునామా నన్ను కలిపి డబ్బాలో పోసిన చోటుది. నేను పుట్టిన చోటు ఏదో తేలాలంటే పేరునూ లేబులునూ పక్కనపెట్టి, నాలో ఏముంది, దాన్ని ఎవరు ఎక్కడ తయారుచేశారు అని చూడాలి. అలా వెతుక్కుంటూ పోతే నాకు తేలింది ఇదీ: ఈ దేశపు అసలైన స్వదేశీ ఇంజనాయిల్ ఏ అరమీదా లేదు. మెకానిక్ షెడ్డులో ఓ మూల, మూతలేని డబ్బాలో నల్లగా ఉంది.

ముందు వంశం సంగతి. ఇంజన్లు రాకముందే ఈ నేలకు నా పని తెలుసు. ఎద్దుబండి ఇరుసుకు పెట్టే కందెన నా ముత్తాత. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత, రాపిడి గురించి ఇంజనీర్లు చెప్పేదంతా ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. ఆ ఆముదమే 20వ శతాబ్దం మొదట్లో కార్లలోకీ విమానాల్లోకీ ఎక్కింది. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో తన ఆయిల్‌కు కాస్ట్రాల్ అని పేరు పెట్టింది ఆముదానికి ఉన్న ఇంగ్లిషు పేరు 'కాస్టర్' నుంచే. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు ఎగిరింది ఆముదం చలవతోనే. లోకంలో ఆముదాలు అందరికన్నా ఎక్కువ పండించే దేశం మనది. ఎక్కువ పంట గుజరాత్‌దే అయినా, ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల చెలకలకూ అది తెలిసిన పంటే. మరి కాస్ట్రాల్ అన్నది పరాయి పేరా, మన పేరా? ఆముదం వేడికి జిగురుకట్టి ఇంజన్‌లో పేరుకుంటుంది కనుక పెట్రోలియం నూనెలు దాని స్థానంలోకి వచ్చాయి. పేరు మాత్రం నిలిచింది.

ఇలా పేరును నమ్ముకుంటే ఎక్కడికీ చేరం. గల్ఫ్ అన్నది 1901లో టెక్సాస్‌లో పడిన చమురు బావుల నుంచి పుట్టిన అమెరికా పేరు. ఇవాళ అది హిందూజాల చేతిలో ఉంది. ఫోర్డ్ మోడల్-టీ కార్లలో పోసిన వీడాల్ కూడా అమెరికాదే, కాని 2011లో ఆ పేరు మీద అంతర్జాతీయ హక్కుల్ని కొన్నది కోల్‌కతాకు చెందిన టైడ్ వాటర్ ఆయిల్ కంపెనీ. ఇక సర్వో అన్న మాట వింటే ఏ ఇటలీదో అనిపిస్తుంది. 1972లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది మన ప్రభుత్వరంగ ఇండియన్ ఆయిల్. పరాయి పేరున్న డబ్బా మన దేశంలోని సిల్వాసాలో నిండుతుంది, మన కంపెనీ డబ్బా మీదేమో పరాయి భాష పేరు ఉంటుంది. పేరు విని ఊరు చెప్పడం నా విషయంలో కుదరదు.

ఇక ఒంట్లోకి వద్దాం. నాలో ముప్పాతిక నుంచి తొమ్మిది పదో వంతుల దాకా బేస్ ఆయిల్, మిగతాది అందులో కలిపే మందులు (అడిటివ్‌లు). బేస్ ఆయిల్ ముడి చమురు నుంచి వస్తుంది, ఈ దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా ఓడల్లో దిగేదే. మనకూ బావులున్నాయి కదా అనవచ్చు. అస్సాంలోని దిగ్బోయ్ రిఫైనరీ 1901 నాటిది, కృష్ణా-గోదావరి తీరంలోనూ చమురు తీస్తున్నారు. కోనసీమలోని తాటిపాకలో ఓఎన్‌జీసీకి చిన్న రిఫైనరీ కూడా ఉంది. కాని అక్కడ తీసేది నాఫ్తా, డీజిల్ లాంటివి, నేను కాదు. ఏ ముడి చమురు పడితే అది నాకు పనికిరాదు. నన్ను పిండడానికి తగిన బరువైన భాగం అందులో ఉండాలి. అందుకే 1975లో మొదలైన హల్దియా రిఫైనరీ పశ్చిమాసియా చమురు మీద ఆధారపడింది. అందులో లూబ్ విభాగాన్ని, అంటే బేస్ ఆయిల్ తీసే భాగాన్ని, కట్టింది రుమేనియా సహకారంతో. ముంబైలో హెచ్‌పీసీఎల్‌కు ఉన్న లూబ్ రిఫైనరీ దేశంలోకెల్లా పెద్దది. ఇవన్నీ కలిసినా నా అవసరం తీరక బేస్ ఆయిల్‌లో పెద్ద భాగం దక్షిణ కొరియా, సింగపూర్, గల్ఫ్ దేశాల నుంచి వస్తోంది. మందుల వ్యాపారమైతే ప్రపంచమంతటా ప్రధానంగా నాలుగు కంపెనీలదే: లూబ్రిజాల్, ఇన్ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరోనైట్. నా గ్రేడు అంకెలు వేసే కొలబద్ద కూడా అమెరికా ఇంజనీర్ల సంఘానిది. 20డబ్ల్యూలో డబ్ల్యూ అంటే చలికాలం. ఆ అంకె వేయడానికి నన్ను సున్నాకు 15 డిగ్రీలు కింద పరీక్షిస్తారు. లంబసింగిలో కూడా అంత చలి ఉండదు!

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. బంగారం దాదాపు అంతా దిగుమతే, అయినా కంసాలి చేసిన వడ్డాణాన్ని విదేశీ నగ అంటామా? అనం. అదే న్యాయం నాకూ వర్తించాలి కదా అంటారు. వాదన బలమైనదే, కాని అది నాకు పూర్తిగా కలిసిరాదు. వడ్డాణం ధరలోనూ కూలి కొంచెం, బంగారం ఎక్కువ. పనితనాన్ని చూసి మనది అంటున్నాం తప్ప డబ్బు లెక్క చూసి కాదు. ప్రభుత్వం మాత్రం డబ్బు లెక్కే చూస్తుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో స్వదేశీ సరుకుకు ప్రాధాన్యమిచ్చే 2017 ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, విలువలో సగమైనా ఇక్కడిదైతే మొదటి తరగతి, 20 శాతం దాటితే రెండో తరగతి అంటుంది. నా మాటగా చెప్పాలంటే, వచ్చిన ముడి చమురును ఇక్కడే శుద్ధిచేసి తీసిన నూనె మనదే. కొరియా నుంచి ట్యాంకర్లో దిగిన బేస్ ఆయిల్‌ని వేడిచేసి, మందు కలిపి, డబ్బాలో పోస్తే అది సగం మనది. ఈ తేడా కొనేవాడికి తెలియాలి. కాని ప్యాకెట్ సరుకుల చట్టం పుట్టిన దేశం పేరు వేయమనేది డబ్బాగా దిగుమతైన సరుకుకే, లోపలి సరుకు సంగతి అడగదు. ఫార్ములా రహస్యం అని కంపెనీలు అనవచ్చు. ఫార్ములా ఎవరూ అడగడం లేదు, బేస్ ఆయిల్ ఏ దేశానిదో వేస్తే చాలు. ధరను బట్టి ప్రతి ఓడకూ దేశం మారుతుందంటే, ఇక్కడిది ఎన్ని పాళ్లో ఏడాదికి ఒకసారైనా చెప్పవచ్చు. అన్నట్టు, స్వదేశీ మోజులో గ్రేడు మార్చకండి. మీ మాన్యువల్ జాసో ఎంఏ2 ప్రమాణం అడిగితే అదే పోయాలి. క్లచ్‌కు దేశభక్తి తెలియదు.

ఇప్పుడా నల్ల డబ్బా దగ్గరికి వద్దాం. ఇంజన్‌లో కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక నేను పనికిరాకుండా పోతానంటే, నాలోని మందులు అయిపోయి, మసీ లోహపు రజనూ చేరినందువల్లే. నూనె చాలావరకు నూనెగానే ఉంటుంది. నీటిని తీసి, శూన్యంలో స్వేదనం చేసి, హైడ్రోజన్‌తో శుద్ధిచేస్తే మళ్లీ బేస్ ఆయిల్ అవుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం సుమారు 2.4 లీటర్ల కొత్త నూనెకు 159 లీటర్ల ముడి చమురు, అంటే ఒక పీపా, కావాలి. పాత నూనె అయితే 3.8 లీటర్లు చాలు. పీపాలో మిగిలింది పెట్రోలూ డీజిలూ అవుతుంది కనుక ఈ పోలికను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు, అయినా మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. వాడేసిన నూనె నాసిరకం కాదా అన్న అనుమానానికి కారణం ఉంది. యాసిడ్, మట్టి పోసి శుద్ధి చేసే పాత పద్ధతిలో నూనె సరిగా రాదు, విషపు మడ్డి మాత్రం మిగులుతుంది. కొత్త పద్ధతి వేరు. నా మీద ఏపీఐ గుర్తు వేసే అమెరికా పెట్రోలియం సంస్థ కూడా పరీక్ష నెగ్గితే చాలంటుంది, నూనె కొత్తదా తిరిగి తీసినదా అని విడదీయదు. ఇక్కడి బళ్లలోంచి దించి, ఇక్కడే శుద్ధిచేసిన నూనెకు ఏ ఓడా అక్కర్లేదు. అంతకన్నా స్వదేశీ నాలో మరేదీ లేదు. కాని అది ఎక్కడికి పోతోంది? సెంట్రింగ్ రేకులకు పూస్తున్నారు, చెదలు పట్టకుండా దూలాలకు రాస్తున్నారు, బట్టీల్లో కాలుస్తున్నారు, మురికి కాలవలో పోస్తున్నారు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం నన్ను అమ్మే కంపెనీలే పాత నూనెను తిరిగి శుద్ధి చేయించే బాధ్యత మోయాలి. వాటా 5 శాతంతో మొదలై విడతలవారీగా 50 శాతానికి పెరగాలి. కాగితం మీద సగం స్వదేశీ దారి వేసినట్టే. షెడ్డులోని డబ్బా శుద్ధి చేసేవాడి దాకా చేరకపోతే ఆ అంకెలు అంకెలుగానే ఉంటాయి. అందుకని దేశీ ఆయిల్ కావాలని దుకాణంలో అడిగే మీరు, బండి సర్వీసింగ్‌కు ఇచ్చిన రోజున మెకానిక్‌ని ఇంకో మాట కూడా అడగండి: "కింద దించిన ఆయిల్ ఎవరికి ఇస్తున్నావు తమ్ముడూ?"