గునుగు పీకించి గడ్డి వేశాను

మా కాలనీ పార్కుకు తాళం వేయించింది నేనే. గేటు పక్కన నిబంధనల బోర్డు రాయించింది, జరిమానాల రసీదు పుస్తకం తెరిచింది కూడా నేనే. తీర్మానాల కింద కమిటీ వాళ్లందరి సంతకాలూ ఉన్న మాట నిజమే గానీ, అవి నా మీది నమ్మకంతో పెట్టినవి. ఆ నమ్మకాన్ని నేను ఎంత తెలివితక్కువగా వాడుకున్నానో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. పాలమూరు చుట్టూ ఇప్పుడు కొత్త కాలనీలు లేస్తున్నాయి. వాటిలోనూ పార్కులకు కమిటీలు పడుతున్నాయి. నేను చేసినట్టే ఇంకొకరు చేస్తారేమోనని నా భయం.

మా లేఅవుట్ మహబూబ్‌నగర్ శివార్లలో ఐదెకరాల చెల్క. అనుమతి పొందిన లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ జాగా వదలాలి కాబట్టి అర ఎకరం పార్కు పేరుతో మిగిలింది. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద రాయి. నేను కాలనీ సంఘానికి అధ్యక్షుణ్ని అయ్యేనాటికి అందులో రెండు వేపచెట్లు, ఒక కానుగ, గోడ పొడుగునా తంగేడు పొదలు ఉండేవి. వానలు పడ్డాక జాగా అంతా గునుగు మొలిచేది. సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు. పక్క వీధుల్లో ఇళ్లు కడుతున్న మేస్త్రీలు, కూలీలు మధ్యాహ్నం కానుగ కింద సద్ది విప్పేవాళ్లు. పెత్రమాసకు ముందు ఆడవాళ్లు సంచులు తెచ్చుకుని గునుగు, తంగేడు కోసుకుని పోయేవాళ్లు. ఎవరూ చూసుకోకపోయినా ఆ జాగా నడిచిపోతూ ఉండేది. నా కంటికి మాత్రం అది పాడుబడ్డ జాగాలా కనిపించింది. నా మొదటి తప్పు అక్కడే, చూపులోనే ఉంది. తర్వాత చేసినవన్నీ దాని వెంట వచ్చినవే.

ఆ రోజుల్లో మా ఊరంతా పిల్లలమర్రి గురించే మాట్లాడుకునేది. ఊరికి దగ్గర్లోనే, మూడెకరాలకు పైగా పరుచుకున్న ఆ మర్రి వయసు ఏడు వందల ఏళ్లు అంటారు. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చెదలు లోపలంతా తొలిచేశాయి. సందర్శకులను ఆపేసి 2018లో చెట్టుకు వైద్యం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదల మందును బొట్టు బొట్టుగా చెట్టులోకి ఎక్కించారు. వాలిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు నిలబెట్టారు. ఊడలు నేలకు దిగడానికి గొట్టాలు పెట్టారు. దేశమంతా ఆ ఫొటోలు చూసింది. ఆ పని చేసినవాళ్ల ఓపికకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

అయితే నేను దాన్నుంచి నేర్చుకున్న పాఠం మాత్రం పూర్తిగా తప్పు. మనుషులు ఎక్కి కూర్చుని, పేర్లు చెక్కి, ఊడలు తెంపడం వల్లే చెట్టు చచ్చిపోయే దాకా వచ్చింది కాబట్టి, పచ్చదనం బతకాలంటే ముందు మనుషులను ఆపాలి అనుకున్నాను. అది జబ్బుపడ్డ ముసలి చెట్టు, దానికి ఒంటరితనం మందు. మా జాగాలో నేను నాటబోయేవి చిన్న మొక్కలు. వాటికి పది మంది చేతులు కావాలి. ఈ తేడా నాకు తట్టలేదు.

ఒక ఎండాకాలం చివర్లో జేసీబీ పిలిపించి నేల చదును చేయించాను. తంగేడు వేళ్లతో సహా లేచిపోయింది. మా రాష్ట్ర పుష్పం అదేనని తెలిసి కూడా ‘పిచ్చిమొక్కలన్నీ తీసెయ్’ అని డ్రైవరుకు చెప్పిన మాట నాకింకా గుర్తుంది. ఆరు వందల గజాల్లో లాన్ గడ్డి పరిపించాను. గోడ పొడుగునా కోనోకార్పస్ నాటించాను. అది తొందరగా పెరుగుతుంది, ఎండకు వాడదు. అప్పటికి మన రోడ్ల డివైడర్ల మీదా అదే కనిపించేది. మొక్క పెట్టించేవాళ్లకు త్వరగా కనిపించే పచ్చదనం కావాలి, నాకూ అదే కావాల్సి వచ్చింది. మూడో ఏటికి గోడ దాటి పెరిగింది, నాలుగో ఏటికి వేళ్లు డ్రైనేజీ పైపులోకి చేరాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ చెట్టును నాటవద్దని నిషేధించింది. దాని పుప్పొడితో ఊపిరి ఇబ్బందులు వస్తాయా రావా అన్న దాని మీద శాస్త్రం చదివినవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు కాబట్టి నేను ఆ జోలికి పోను. పైపుల సంగతి మాత్రం నేను కళ్లారా చూశాను. వేప, కానుగ, బాలానగర్ సీతాఫలం ఈ మొరంలో నీళ్లు పోయకున్నా నిలబడతాయి. మా జిల్లాలోని ఊరి పేరు చెప్పుకుని దేశమంతా నాటుకునే సీతాఫలాన్ని వదిలేసి, ఎక్కడిదో చెట్టు తెచ్చి పెట్టాను.

గడ్డి సంగతి ఇంకా చెడ్డది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే లీటరు. మన ఎండల్లో లాన్‌కు రోజుకు ఐదు మిల్లీమీటర్లయినా కావాలి. ఆరు వందల గజాలంటే ఐదు వందల చదరపు మీటర్లు. అంటే రోజుకు రెండున్నర వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకరులో సగం. ఏడాదంతా కలిపి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే చోట, అదీ ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే పడే చోట, ఈ లెక్క వేసుకోకుండా గడ్డి పరిచాను. ఉద్యోగమంతా లెక్కలు చూసినవాణ్ని. కాయితం, పెన్ను తీసుకుని కూర్చుంటే పది నిమిషాల పని.

కాలనీ బోరు ఒక్కటే. దాని నీళ్లే వాడకానికి ఇళ్లకూ పోతాయి. మన కింద ఉన్నది రాతినేల, నీళ్లు రాయి పగుళ్లలోనే ఉంటాయి. పగులు ఎండితే బోరు ఎండినట్టే. మార్చి దాటాక పల్లపు వీధిలోని ఇళ్లకు నీళ్లు అందడం తగ్గింది. ఆ వీధి వాళ్లు వచ్చి అడిగితే, మోటారు టైము పెంచుదామన్నానే గానీ గడ్డికి నీళ్లు ఆపుదామనలేదు. మా తాతల ఊళ్లో చెరువు కింద నీరడి ఉండేవాడు. తూము ఎత్తినప్పుడు చివరి మడికి నీళ్లు చేరాయో లేదో నడిచి పోయి చూసి వచ్చేవాడు. చివరి మడి ఎండితే ఊరంతా ఆయనను నిలదీసేది. ఆ ఊరి నీళ్లు తాగి పెరిగిన నేను చివరి వీధి దాకా నడిచి చూడలేదు.

ఇక బతుకమ్మ.

గడ్డి వేసిన ఏడాది ఎంగిలిపూల నాడు సాయంత్రం ఆడవాళ్లు తాంబాలాల్లో బతుకమ్మలు పెట్టుకుని పార్కు దగ్గరికి వచ్చారు. ఎప్పుడూ అక్కడే ఆడేవాళ్లు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. మూలింటి పెద్దమ్మ ముందు ఉంది. కాలనీలో మొదట ఇల్లు కట్టుకున్నది వాళ్లే. కొత్త గడ్డి అనీ, ఇంతమంది తొక్కితే మళ్లీ లేవదనీ, ఈ ఒక్క ఏడాదికి రోడ్డు మీద ఆడుకోమనీ చెప్పాను.

‘‘ఈ జాగల గునుగు నువ్వే పీకిస్తివి బిడ్డా. సరే అని బజార్ల కొనుక్కొస్తిమి. ఇప్పుడు బతుకమ్మను కింద పెట్టనీకె గూడ జాగ లేదంటివి. మరి గీ పార్కు ఎవరికోసం చేసినట్టు?’’

‘‘మన అందరి కోసమే పెద్దమ్మా’’ అన్నాను.

ఆమె ఇంకేం అనలేదు. బతుకమ్మను ఎత్తుకుని వెనక్కి తిరిగింది. మిగతావాళ్లూ తిరిగారు. ఆ ఏడాది ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రోడ్డు మీద ఆడారు, మోటారు సైకిళ్లు వచ్చినప్పుడల్లా వలయం విడగొట్టుకుంటూ. మరుసటి ఏడాది సద్దులకు వేరే కాలనీ గుడి ముందుకు పోయారు. మా వీధుల్లో పాట వినపడలేదు. మా ఇంట్లో ఆమె కూడా వాళ్లతోనే పోయింది, నాతో ఆ సంగతి మాట్లాడలేదు. నేను చేసిన పనులన్నింటిలో ఇది నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. పూలను దేవతగా పెట్టుకునే పండగ అది, ఆ పూలు మొలిచే నేల మీద నేను ఆ పండగనే ఆపాను.

ఆ తర్వాత తాళం పడింది. ఇంటికో తాళంచెవి, పోగొడితే డబ్బు కట్టాలి. బంతి ఆడితే ఐదు వందలు, పువ్వు కోస్తే ఐదు వందలు. నెల చందా మూడు వందలు కట్టనివాళ్లకు తాళంచెవి లేదు. కూలీలు గేటు బయట గోడ నీడలో తినడం మొదలుపెట్టారు. ఈ దేశంలో ఎన్ని డ్యాములు, ఎన్ని కాలువలు పాలమూరు కూలీల చేతుల మీదుగా లేచాయో చదివి గర్వపడినవాణ్ని. మా ఇళ్లు కట్టినవాళ్లకు అన్నం తినే నీడ లేకుండా చేశాను.

పార్కు శుభ్రంగా ఉంది, బొమ్మలా ఉంది. అందులోకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. చందాలు తగ్గాయి. నేను జనానికి బాధ్యత లేదని నోటీసులు అంటించాను. ఆ ఎండాకాలం బోరు పూర్తిగా ఎండింది. వేపచెట్ల మధ్య నాటిన మొక్కలకు బిందెడు నీళ్లు పోయమని ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఒక్కరు కూడా రాలేదు. రాకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. తాళం వేసి ఉన్న దానికి నీళ్లు ఎవరు పోస్తారు?

కొత్త బోరుకు, ప్రహరీకి సాయం అడుగుదామని కాయితాలు తీసినప్పుడు అసలు సంగతి బయటపడింది. మా వీధిలో వకాలత్ చేసే అబ్బాయి లేఅవుట్ ఫైలు చదివి, ‘‘అంకుల్, ఈ జాగా మనది కాదు’’ అన్నాడు. లేఅవుట్ అనుమతి పొందేటప్పుడే రోడ్లనూ ఖాళీ జాగాలనూ గిఫ్ట్ డీడ్ కింద రిజిస్టరు చేసి మున్సిపాలిటీకి రాసిచ్చేస్తారు. మా సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టరైనదే. ఏడుగురు కలిసి నిబంధనావళి రాసుకుంటే సంఘం అవుతుంది. దాంతో చూసుకునే బాధ్యత వస్తుంది గానీ జాగా మీద హక్కు రాదు. నేను తాళం వేసింది ఊరి సొత్తుకు. ఇల్లు కొన్ననాటి నుంచీ ఆ ప్లాను మా బీరువాలోనే ఉంది. ‘పార్కు’ అన్న మాట చదివి, మన కాలనీది అనుకుని, దస్తావేజు విప్పలేదు.

లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ తాళంచెవుల తోటలు ఉన్నాయని ఎవరో అంటే అప్పట్లో ఉదాహరణగా చెప్పుకునేవాణ్ని. న్యూయార్క్‌లోని గ్రామర్సీ పార్కు 1831 నుంచీ చుట్టూ ఉన్న ఇళ్లవాళ్ల సొంత ఆస్తి. అక్కడి తాళం వేరు, మా తాళం వేరు.

ఆ వకీలు అబ్బాయి చెల్లెలు యూనివర్సిటీలో చదువుతుంది. నా గోడు విని ఒక పుస్తకం తెచ్చిచ్చింది. రాబర్ట్ వేడ్ అనే ఆయన 1988లో అచ్చువేసిన ‘విలేజ్ రిపబ్లిక్స్’. తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు జిల్లా పల్లెల కథ అది. కాలువ చివర ఉండి నీళ్లు అందుతాయో లేదో అన్న భయం ఎక్కువగా ఉన్న ఊళ్లే కలిసి కట్టుబాట్లు పెట్టుకున్నాయని ఆయన చూశాడు. పొలాలకు కావలివాళ్లను, నీళ్లు పంచేవాళ్లను ఊరే పెట్టుకుంది. గొర్రెల మందలు మేసే హక్కును వేలం వేసి వచ్చిన డబ్బుతో ఊరి ఖజానా నడిపింది. పైనుంచి ఎవరూ చెప్పలేదు, అవసరం ఉన్నవాళ్లే కూర్చుని రాసుకున్నారు. 2009లో నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ ఇలాంటి ఊళ్లనే ఎన్నో దేశాల్లో పరిశీలించి, నిబంధన పాటించాల్సినవాళ్లకే దాన్ని మార్చే హక్కు ఉండాలంది. మొదటి తప్పుకు శిక్ష చిన్నదిగా ఉండాలని కూడా ఆమె గమనించింది. పిల్లవాడి మొదటి బంతికే ఐదు వందలు రాసిన రసీదు పుస్తకం నా సొరుగులో ఉండగా ఆ మాట చదివాను. మా కమిటీలో పల్లపు వీధి వాళ్లు ఒక్కరు లేరు. బతుకమ్మ ఆడేవాళ్లు ఒక్కరు లేరు. పిల్లల మాట అడిగినవాళ్లూ లేరు.

సర్వసభ్య సమావేశంలో ఇదంతా చెప్పాను. పేర్లు పెట్టి ఎవరినీ అనలేదు, అనడానికి నాకన్నా ముందు ఎవరూ లేరు. బతుకమ్మను ఆపింది, గడ్డి వేయించింది, తాళం వేయించింది అధ్యక్షుడి తప్పులుగా మినిట్స్ పుస్తకంలో రాయమన్నాను. వద్దులే సార్ అన్నారు. నేనే రాసి సంతకం పెట్టాను. పదవి వదిలేశాను.

ఇప్పుడు కమిటీలో పల్లపు వీధి నుంచి ఇద్దరు, ఆడవాళ్లు నలుగురు ఉన్నారు. గేటుకు తాళం లేదు. లాన్ చాలా వరకు దానంతట అదే ఎండిపోయింది, మిగిలింది తవ్వేశారు. కోనోకార్పస్ కొట్టడానికి వాల్టా చట్టం కింద అనుమతి అడిగారు, అది ఇంకా రాలేదు. వానలకు ముందు మా ఊరి చెల్క నుంచి గునుగు గింజలు తెచ్చి నేనే చల్లాను. మొదటి ఏడు పలచగా మొలిచింది. తంగేడుకు ఇంకా సమయం పడుతుంది. కూలీలు కానుగ కింద తింటున్నారు, వాళ్లే అక్కడో నీళ్ల కుండ పెట్టుకున్నారు. ఆడవాళ్లు కిందటేడు పార్కులోనే బతుకమ్మ ఆడారు. మూలింటి పెద్దమ్మ మాత్రం రాలేదు, కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయింది. ఫోను చేసి తప్పయిందని చెప్పాను. ‘‘అయిందేదో అయింది బిడ్డా, పల్లపు బజారుకు నీళ్లు వస్తున్నయా?’’ అని అడిగింది. వస్తున్నాయని చెప్పాను. రోజు విడిచి రోజు వస్తున్నాయి. రోజూ రావాలంటే రెండో బోరు వేయాలా, ఇంకుడు గుంతలు తవ్వాలా అన్నది వచ్చే ఆదివారం సమావేశంలో తేలుస్తారు. నేను గుంతల వైపే ఓటు వేస్తాను, ఒక సభ్యుడిగా.